మేము అనాలా, మనం అనాలా?

జార్జి ఆర్వెల్ ‘1984’ మనలో చాలామంది చదివే ఉంటారు. చదవనివారికి కూడా అందులోని ‘బిగ్ బ్రదర్’ సంగతి తెలిసే ఉంటుంది. 1903లో మన బీహారులోని మోతీహారిలో పుట్టిన ఆ రచయిత, తన నవల వెలువడడానికి మూడేళ్ళ ముందు, 1946 జనవరిలో, లండనులోని ‘ట్రిబ్యూన్’ వారపత్రికలో ఒక పుస్తకాన్ని సమీక్షించాడు. అది అప్పటికి పాతికేళ్ళ నాటి రష్యన్ నవల. సొంతదేశంలో అది అచ్చుకు నోచుకోలేదు. ఆర్వెల్ దాన్ని ఫ్రెంచి అనువాదంలో చదివాడు. ఆల్డస్ హక్స్‌లీ రాసిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’కు మూలం కొంతైనా ఇందులో ఉండి తీరాలని ఆ సమీక్షలో అనుమానం వెలిబుచ్చాడు. హక్స్‌లీ ఆ మాట ఒప్పుకోలేదు. ఆర్వెల్ నవల మీద మాత్రం దాని నీడ స్పష్టంగానే కనిపిస్తుంది. ఆ రష్యన్ రచయిత పేరు యెవ్గేనీ జమ్యాతిన్.

నవల పేరు రష్యన్ భాషలో రెండక్షరాల సర్వనామం. ఇంగ్లీషులో దాన్ని ‘వి’ అనేస్తే సరిపోయింది. తెలుగులో చెప్పబోతేనే చిక్కు. మనకు ఆ సర్వనామాలు రెండున్నాయి కదా! ఎదుటివాణ్ణి కలుపుకుంటే ‘మనం’, వదిలేస్తే ‘మేము’. చిన్నపిల్లలు కూడా ఈ తేడాలో పొరబడరు. “మేము సినిమాకి వెళ్తున్నాం” అంటే వినేవాడు ఇంట్లో ఉండిపోతాడు. “మనం వెళ్తున్నాం” అంటే చెప్పులు వేసుకుంటాడు. 1929 నాటి ఫ్రెంచి అనువాదం పేరులో ‘ఇతరులు’ అన్న మాట కూడా చేరి, అర్థం మన ‘మేము’కు కాస్త దగ్గరగా వచ్చింది. మరి మనం ఏమనాలి? ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను వదలడంలేదు. అందుకు వ్యాకరణం ఒక్కటే కారణం కాదు. ఆ కారణమూ చెబుతాను గాని, ముందు ఆయన కథ.

జమ్యాతిన్ 1884లో, మాస్కోకు దక్షిణాన దాదాపు మూడువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న లెబెద్యాన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి చర్చిలో పురోహితుడు, తల్లి పియానో వాయించేది. తోడు ఆడుకునే పిల్లలు లేక, అమ్మ వాయిస్తూ ఉంటే పియానో కింద పడుకుని పుస్తకాలు చదువుకుంటూ పెరిగానని ఆయనే రాసుకున్నాడు. బడిలో వ్యాసరచన సునాయాసంగా వచ్చేది, లెక్కలు ఓ పట్టాన వచ్చేవి కావు. అంచేత, కేవలం మొండితనం కొద్దీ, లెక్కలు అన్నిటికంటె ఎక్కువగా ఉండే చదువు ఎంచుకున్నాడట. అదీ పీటర్స్‌బర్గ్ పాలిటెక్నిక్‌లో ఓడల నిర్మాణం. చదువులో వచ్చిన బంగారు పతకాన్ని ఆ మహానగరంలోనే ఇరవై అయిదు రూబుళ్ళకు తాకట్టు పెట్టాడు. మళ్ళీ విడిపించుకోనేలేదు.

విద్యార్థి దశలోనే బోల్షెవిక్కులలో చేరాడు. 1905 చివర అరెస్టయి, కొన్ని నెలలు ఒంటరి ఖైదు అనుభవించి, సొంత ఊరికి వెళ్ళిపొమ్మన్న ఆజ్ఞతో బయటపడ్డాడు. పోలీసుల కన్నుగప్పి తిరిగివచ్చి 1908లో చదువు ముగించాడు. ఆ తరవాత అదే విద్యాలయంలో ఓడల నిర్మాణం బోధించాడు, కథలు రాశాడు, 1911లో మళ్ళీ నగరబహిష్కారానికి గురయ్యాడు. 1914లో సైనికుల జీవితంపై రాసిన ఓ నవలికను జారు ప్రభుత్వం జప్తు చేసి కోర్టుకీడ్చింది. అంటే విప్లవానికి ముందే ఆయన ప్రభుత్వం చేత బాగా చదవబడిన రచయిత!

1916లో ఆయనను ఇంగ్లండుకు పంపారు. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతోంది. రష్యాకు మంచుసముద్రాలలో దారి తీసే ఐస్‌బ్రేకర్ ఓడలు కావాలి. న్యూకాజిల్ పట్నంలో టైన్ నది ఒడ్డున వాటి నిర్మాణం జరుగుతుంటే, రష్యా తరఫున పర్యవేక్షించేది జమ్యాతిన్. ‘అలెగ్జాండర్ నెవ్‌స్కీ’ అనే ఓడకు సంబంధించి తన సంతకం పడకుండా ఒక్క నకలు కూడా పనివారి చేతికి వెళ్ళేది కాదని ఆయన గర్వంగా చెప్పుకున్నాడు. ‘స్వ్యతగోర్’ అనే మరొక ఓడ కూడా ఆయన పర్యవేక్షణలోనే తయారయింది.

యంత్రమంటే ఆయనకు భయం లేదని గమనించడం నాకు ముఖ్యమనిపించింది. ఇష్టపడి ఓడలు కట్టినవాడు. ఇంగ్లండులో ఆయనను కలవరపెట్టినవి ఆ యార్డులోని క్రేనులూ ఆవిరియంత్రాలూ కావు, అక్కడి పెద్దమనుషుల గడియారాలు. ఆ అనుభవంతో రాసిన ‘ద్వీపవాసులు’ అనే నవలికలో ఒక పాదిరీ ఉంటాడు. భోజనానికీ, పశ్చాత్తాపానికీ, చివరికి భార్యాభర్తల ఏకాంతానికీ కాలపట్టిక వేసి, జనాన్ని బలవంతంగానైనా తరింపజేయాలన్నది ఆ మహానుభావుడి సిద్ధాంతం. రానున్న పెద్ద నవలకు విత్తనం అదే. సోవియట్ ప్రభుత్వం మీద అక్కసుతోనే జమ్యాతిన్ తన నవల రాశాడనేవారు ఈ సంగతి మరిచిపోతుంటారు.

1917 సెప్టెంబరులో ఆయన రష్యాకు తిరిగివచ్చాడు. వచ్చాక చూస్తే ఆ కాలపట్టిక అక్కడికి ముందే చేరింది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజినీరు ఉక్కు కర్మాగారాలలో కూలీల వెనక స్టాప్‌వాచీతో నిలబడి, ఏ కదలికకు ఎన్ని క్షణాలు పడుతున్నాయో లెక్కించి, 1911లో ఒక శాస్త్రమే రాశాడు. 1914లో ఆ పద్ధతిని మనిషిని యంత్రానికి బానిస చేయడమేనని నిరసించిన లెనినే, 1918లో దాన్ని రష్యాలో నేర్చుకుని అమలు చేయాలన్నాడు. కార్మిక కవి అలెక్సేయ్ గాస్తెవ్ అయితే, రాబోయే కాలంలో శ్రామికుణ్ణి పేరుకు బదులు ఒక అక్షరంతోనో అంకెతోనో గుర్తించవచ్చునని ఉత్సాహంగా ఊహించి, 1920లో మాస్కోలో శ్రమకు ప్రత్యేకంగా ఒక పరిశోధన సంస్థ స్థాపించాడు. ఆ గాస్తెవ్‌ను స్టాలిన్ ప్రభుత్వం 1939లో కాల్చిచంపింది. పట్టిక తయారు చేసినవాణ్ణి కూడా ఒక వరుసగానే లెక్కవేస్తుంది.

1920–21లో జమ్యాతిన్ నవల పూర్తి చేశాడు. కొన్ని శతాబ్దాల తరవాతి ‘ఏకరాజ్యం’ అది. పౌరులకు పేర్లు లేవు, సంఖ్యలే. మగవారికి హల్లూ బేసిసంఖ్యా, ఆడవారికి అచ్చూ సరిసంఖ్యా. ఇళ్ళ గోడలు గాజువి. పొరుగువాడు ఏం చేస్తున్నాడో అందరికీ కనిపిస్తుంది. గులాబీరంగు చీటీ చూపించిన వేళ మాత్రమే తెరలు దించుకునే అనుమతి. ముద్దను యాభైసార్లు నమలాలన్నది కూడా నిబంధనే. వీధుల్లో మాటలను పట్టే పొరలు అమర్చి ఉంటాయి. వారి దృష్టిలో ప్రాచీన సాహిత్యంలోకెల్లా ఉత్తమ గ్రంథం రైల్వే టైంటేబులు, ప్రాచీనులలోకెల్లా మేధావి టేలర్. రోజుకు రెండు గంటలు మాత్రం పట్టికలో ఖాళీగా ఉన్నాయి. వాటిని కూడా ఏదో ఒకనాడు లెక్కలోకి తెస్తారని కథ చెప్పే డి-503 ఆశ.

ఈ డి-503 ఎవరు? ఇంజినీరు. ‘ఇంటెగ్రల్’ అనే అంతరిక్షనౌకకు నిర్మాత. ఇతర గ్రహాల జీవులకు ఏకరాజ్యపు నిశ్చితమైన ఆనందాన్ని బలవంతంగానైనా అందించడం ఆ నౌక లక్ష్యం. అతడు దుర్మార్గుడు కాడు. సూత్రాలలోని అందం చూసి పరవశించే మంచివాడు. ఈ నవల రాసింది ఓడల ఇంజినీరని గుర్తుంచుకుంటే, జమ్యాతిన్ వేలెత్తి చూపింది ఎవరి వైపో తెలుస్తుంది.

ఇక నా సంగతి. నేనూ ఇంజినీరునే. 2009లో హైదరాబాదులో ఒక సంస్థలో పనిచేస్తుండగా, అక్కడి కాల్‌సెంటరు విభాగానికి ఒక ప్రోగ్రాము రాశాను. ఉద్యోగి కీబోర్డు మూడు నిమిషాలు మూగబోతే ‘ఖాళీ’ అని నమోదవుతుంది. నెలాఖరున పట్టిక వస్తుంది, ఎక్కువ ఖాళీ ఉన్నవారు పైకి వస్తారు. మొదట ఆ పట్టికలో పేర్లు ఉండేవి. పేరు చూస్తే ఊరూ కులమూ తెలిసిపోతాయి, మేనేజర్లు తమవారిని కాపాడుకుంటారు, అంకె ముందు అందరూ సమానమే అని వాదించి పేర్ల గడి తీయించింది నేనే. ఆ రోజు నాకు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే, ఈనాటికీ ఆ వాదనలో తప్పేమిటో ఒక్క వాక్యంలో చెప్పలేను.

ఆ విభాగంలో రాత్రి షిఫ్టులో మా ఒంగోలు వైపు ఆవిడ ఒకరు ఉండేవారు. నాకంటె నాలుగేళ్ళు పెద్ద. నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ తమ్ముడూ అనేవారు. నేను పొద్దుపోయేదాకా ఉన్న రోజుల్లో తన డబ్బాలోని గోంగూర పచ్చడి నా అన్నంలోకి కాస్త వేసేవారు. వాళ్ళ నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టారు. నిద్రపట్టక రాత్రి రెండింటికి ఫోను చేసేవారు. ఆవిడ మెట్లదగ్గరికి వెళ్ళి మాట్లాడి వచ్చేవారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలియనిదల్లా, నా పట్టికలో పైనుంచి మూడో వరుస ఆవిడదని. ఒక రోజు పదకొండు నిమిషాలు, మరొక రోజు తొమ్మిది, ఇంకొక రోజు పద్నాలుగు. ఆ అంకెలు ఎంతో చక్కగా కుదిరాయని నేను అనుకున్నాను కూడా.

మూడు నెలల తరవాత పై వరుసలవారిని పంపించేశారు. వెళ్ళేముందు ఆవిడ నా సీటుదగ్గరికి వచ్చారు. నాకు నోట మాట రాలేదు. ఆవిడే అన్నారు: “నీ ప్రోగ్రాము తప్పేం చెప్పలేదులే తమ్ముడూ. నేను లేచి వెళ్ళింది నిజమేగా.”

తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆ తరవాతి వారం పట్టికలో ‘కారణం’ అని ఒక గడి చేర్చుదామని అడిగాను. కారణాలను కూడడం కుదరదు కదా అన్నారు. నిజమే, కుదరదు. నేను ఇంకేమీ అనలేదు. ఆ సంస్థలో తరచు వినిపించే మాట “మనమంతా ఒక కుటుంబం” అని. ఆ ‘మనం’లో ఆవిడ మూడు నెలల కిందటే లేరని, అప్పటికే అది ‘మేము’ అయిపోయిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది. పట్టిక వేసేవారు ఎప్పుడూ ‘మనం’ అనే అంటారు. వరుసలో నిలబడ్డవాడికి మాత్రం అది ‘మేము’గా వినిపిస్తుంది.

జమ్యాతిన్ నవల నేను చదివింది ఇదంతా జరిగిన తరవాతే. డి-503 ఐ-330 అనే స్త్రీని ప్రేమించి, పట్టిక తప్పి, నిద్రపట్టక వైద్యుడి దగ్గరికి వెళతాడు. నీలో ఆత్మ ఏర్పడిందని వైద్యుడు రోగనిర్ధారణ చేస్తాడు! ఆ స్త్రీ ఏకరాజ్యం మీద తిరుగుబాటు చేస్తున్నవారిలో ఒకతె. మన విప్లవమే చివరిది, ఇక విప్లవాలుండవు అని అతడు వాదిస్తే, నువ్వు లెక్కలు వచ్చినవాడివి కదా, అన్నిటికంటె చివరి సంఖ్య ఏదో చెప్పమంటుంది. సంఖ్యలకు అంతం లేనప్పుడు చివరి విప్లవం ఎక్కడుంటుందని ఆమె ప్రశ్న. నవలకంతటికీ ఆయువుపట్టు ఇక్కడే ఉంది. జమ్యాతిన్ భయపడింది ఇక అంతా తేలిపోయిందనే ప్రభుత్వాన్ని చూసి. సమాధానం దొరికిపోయాక ప్రశ్నించేవాడు రోగి అవుతాడు, రోగికి చికిత్స చేస్తారు. ఏకరాజ్యంలో ఆ చికిత్స ఊహాశక్తిని కిరణాలతో కాల్చివేయడం. చివర్లో డి-503కీ అది జరుగుతుంది. తను ప్రేమించిన స్త్రీని చిత్రహింస పెడుతుంటే అతడు పక్కన కూర్చుని, ఏ బాధా లేకుండా, చూసినది చూసినట్లు రాస్తాడు. అతని లెక్కలన్నీ సరిగ్గానే ఉంటాయి. ఆ పుటలు చదువుతుంటే నాకు ఆ మూడో వరుస కళ్ళముందు కదిలింది.

నవల అచ్చుకు సోవియట్ అధికారులు అనుమతించలేదు. 1922లో ఆయన మళ్ళీ అరెస్టయ్యాడు. జారు కాలంలో తనను పెట్టిన జైలే! 1924లో న్యూయార్కులో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. 1927లో ప్రాగ్‌లోని ఓ ప్రవాసుల పత్రిక ఆయన అనుమతి లేకుండానే రష్యన్‌లో కొన్ని భాగాలు వేసింది. దాన్ని సాకుగా తీసుకుని 1929లో పత్రికలూ తోటి రచయితలూ ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆయన రచయితల సంఘానికి రాజీనామా ఇచ్చాడు. పుస్తకాలు ఆగిపోయాయి, నాటకం ఆగిపోయింది. 1931లో స్టాలిన్‌కు ఉత్తరం రాశాడు. రాయనీయకపోవడం రచయితకు మరణశిక్షతో సమానమనీ, ఆ శిక్షకు బదులు దేశం విడిచివెళ్ళనివ్వమనీ దాని సారాంశం. క్షమాపణ లేదు, పొగడ్త లేదు. ఆశ్చర్యమేమిటంటే అనుమతి దొరికింది. ఆయన తరఫున మాట్లాడినవాడు మాక్సిమ్ గోర్కీ.

గోర్కీ పేరు చూసి నాకు మా నాన్నగారి బీరువా గుర్తుకొచ్చింది. క్రొవ్విడి లింగరాజుగారు తెనిగించిన ‘అమ్మ’, మాస్కోలో అచ్చయి విశాలాంధ్రవారి దుకాణాల ద్వారా మన ఊళ్ళకు చేరిన నున్నటి కాగితాల తెలుగు పుస్తకాలు, అన్నీ అందులో ఉండేవి. నేను చదవడం నేర్చుకున్నదే వాటితో, ఆ రుణం తీరేది కాదు. అక్కడ జమ్యాతిన్ మాత్రం లేడు. ఉండే వీలూ లేదు. మాస్కోలో రష్యన్‌లోనే అచ్చుకాని పుస్తకం తెలుగులో ఎలా వస్తుంది? 1988లో ‘జ్నామ్య’ పత్రిక ప్రచురించేదాకా, రాసిన అరవై ఏడేళ్ళకు గాని, సోవియట్ పాఠకులకు అది దక్కలేదు. అప్పటికి జమ్యాతిన్ పోయి యాభై ఏళ్ళు దాటింది. పారిస్‌లో, సోవియట్ పౌరసత్వం వదులుకోకుండానే, పేదరికంలో బతికి, 1937 మార్చిలో గుండెజబ్బుతో మరణించాడు.

ఆయన కట్టించిన ఓడల కథ వేరు. ‘అలెగ్జాండర్ నెవ్‌స్కీ’ పేరు మార్చి ‘లెనిన్’ అన్నారు. ‘స్వ్యతగోర్’ను ‘క్రాసిన్’ అన్నారు. 1928లో ఇటలీవారి ధ్రువయాత్ర వాయునౌక మంచులో కూలిపోతే, బతికిబయటపడ్డవారిని వెతికి రక్షించింది ఈ క్రాసినే. ఈనాటికీ పీటర్స్‌బర్గ్‌లో మ్యూజియంగా నిలిచి ఉంది. ఆయన సంతకమున్న ఓడ కావలసివచ్చింది, ఆయన సంతకమున్న పుస్తకం పనికిరాలేదు. ఒకే చేతి సంతకాలవి.

ఐస్‌బ్రేకర్ పనితీరు చాలామంది అనుకునేలా ఉండదు. అది కత్తిలా మంచును కోయదు. వాలుగా ఉన్న ముక్కుతో మంచుపలక మీదికి ఎక్కి, తన బరువుతో దాన్ని విరగ్గొడుతుంది. వెనక తెరుచుకున్న దారి కాసేపటికి మళ్ళీ గడ్డకడుతుంది. మళ్ళీ ఓడ రావాలి. ఇలాంటి ఓడలు కట్టినవాడికి చివరి విప్లవం మీద నమ్మకం లేకపోవడంలో వింతేముంది?

నిరుడు నాకు అలాంటి పనే మరొకటి అప్పగించబోయారు. ఈసారి కీబోర్డు కాదు, కెమెరా. కృత్రిమ మేధ ముఖం చూసి, మనిషి పనిలో ఉన్నాడో పరధ్యానంలో ఉన్నాడో తేలుస్తుందట. సమావేశంలో “మనం దీన్ని తీసుకొస్తే” అని మాట మొదలైంది. “ఆ కెమెరా ఈ గదిలో కూడా ఉంటుందా?” అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. నేను ఆ పని చేయలేనన్నాను. ఇందులో వీరత్వమేమీ లేదు. నాకు వేరే పని ఇచ్చారు, జీతం ఆగలేదు. ఆ ప్రోగ్రాము ఇంకొకరు రాశారు. నీరు మళ్ళీ గడ్డకట్టింది.

పేరు సంగతి ఇంకా తేలలేదు. ఎవరైనా తెలుగులోకి తెస్తే అట్ట మీద ‘మేము’ అనే వేయమంటాను. లోపల ఏకరాజ్యం మాట్లాడే చోటల్లా ‘మనం’ అని ఉండాలి. ఆ రెంటి మధ్య దూరం పాఠకుడికి దానంతటదే తెలిసివస్తుంది. మీలో రష్యన్ వచ్చినవారెవరైనా ఇంతకంటె మంచి ఉపాయం చెబితే సంతోషిస్తాను.

ఇది రాసేముందు ఒంగోలుకు ఫోను చేసి అక్కతో మాట్లాడాను. ఆ మూడో వరుస సంగతి ఇన్నేళ్ళకు చెప్పాను. ఆవిడకు ముందే తెలుసట. నాన్నగారు పోయి ఏడేళ్ళయిందన్నారు. రాసుకో తమ్ముడూ, నా పేరు మాత్రం వద్దులే అన్నారు. అందుకే ఇక్కడా ఆవిడ పేరు లేదు. ఈసారి మాత్రం ఆవిడను అడిగి తీసేశాను.